విలాపిని అప్పగింతలు

భస్మసరోవరం మీద వేసిన రాతికట్ట వెంట ఒక ఎడ్లబండి మెల్లగా కదులుతోంది. బండిలో నిలువెత్తు అమ్మవారి విగ్రహం ఉంది. నుదుట కుంకుమబొట్టు, ముఖం నిండా పసుపు, మెడలో వేపాకుల దండ. ఎడ్లను తోలుతున్నవాడు విగ్రహాల వ్యాపారిలా తలపాగా చుట్టుకున్నాడు గాని, నిజానికి అతడు పడవలు చేసే మకరందుడు. బండిలో ఉన్నది విగ్రహమూ కాదు. అతని భార్య వకుళ.

మాంత్రికుడు ధూమ్రజటికి యుద్ధపడవలు చేసిపెట్టనని మకరందుడు మొండికేశాడు. మాంత్రికుడు అతణ్ణి ఏమీ అనలేదు. పక్కన నిలబడి ఉన్న వకుళ వైపు చూసి, చిటికెడు బూడిద ఊదాడు. ఆ రోజు ఆమె పాదాలు రాయి అయ్యాయి. తరువాత మోకాళ్ళు, నడుము, రొమ్ము. ఇప్పుడు రాయి భుజాల దాకా ఎక్కింది. అది నడినెత్తికి చేరితే ఇక ఆమె లేదు. ఆ రాతిని కరిగించగలిగేది లోకంలో ఒక్కటే, విలాపిని అనే పాత ధనుర్వీణ నాదం. ఒళ్ళో నిలబెట్టుకుని, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయించే ఆ వీణ శంఖకోటలో, ముసలి రాణి తరళాదేవి దగ్గర ఉంది.

ఒకప్పుడు ఆ సరోవరంలో వెండి చేపలు ఎగిరిపడేవి. ఇప్పుడు నీటి మీద బూడిద తెట్టుకట్టి ఉంది. గాలి వీచినచోట ఆ తెట్టు చీలి, అడుగున నల్లటి నీరు కన్ను తెరిచి మూసినట్టు కనిపించి మాయమవుతోంది. సరస్సు నడుమ శంఖకోట. మెలికలు తిరిగిన తెల్లరాతి బురుజులు, ముత్యపుచిప్పలు పొదిగిన ద్వారాలు, పగడపు తీగెలు అల్లుకున్నట్టు చెక్కిన గవాక్షాలు, వాటన్నిటి మీదా బూడిద. పెళ్ళికి కట్టిన తోరణాలు విప్పే మనిషి లేక అలాగే ఎండిపోయిన ఇంటిలా ఉంది ఆ కోట.

"కాసేపు నోరు మూసుకుని ఉండు. కావలివాళ్ళు వస్తున్నారు," అన్నాడు మకరందుడు పెదవులు కదలకుండా.

"నాకు మిగిలింది నోరొక్కటే. దాన్నీ మూసుకోమంటావు," అంది వకుళ. అని, మూసుకుంది.

కట్ట నడుమ ధూమ్రజటి సైనికులు బండికి అడ్డం నిలిచారు. ఒళ్ళంతా బూడిద పూసుకున్న వాళ్ళ నాయకుడు బండి చుట్టూ తిరిగాడు.

"ఎక్కడికిరా?"

"కోటకండి దొరా. ముసలి రాణీగారు అమ్మవారిని నిలుపుకుంటారట."

"ఇన్నాళ్ళకు భక్తి పుట్టిందా ఆవిడకి?" నాయకుడు వకుళ ముఖంలోకి వంగి చూశాడు. "అమ్మవారికి ముక్కు కాస్త వంకర పోయిందేం?"

"చెక్కినవాడు తాగుబోతండి."

సైనికులు నవ్వారు. నాయకుడు నవ్వలేదు. "హారతి ఇచ్చి పంపుదాం. రాయయితే సెగ తగలదు కదా," అని కర్పూరం వెలిగించి, పళ్ళెం ఆమె గడ్డం కిందికి తెచ్చి అక్కడే పట్టుకున్నాడు. మకరందుడు గట్టిగా మంగళహారతి పాట ఎత్తుకున్నాడు. గొంతు వణికితే అది భక్తి అనుకుంటారని. పసుపు మాడిన వాసన వచ్చింది. తరువాత చర్మం మాడిన వాసన వచ్చింది. వకుళ రెప్ప వేయలేదు. కర్పూరం కొండెక్కే దాకా పాట సాగింది.

"పో," అన్నాడు నాయకుడు.

బండి కదిలింది. అప్పుడు ఆగని కన్నీటిబొట్టు ఒకటి వకుళ కంటి కొననుంచి జారి, పసుపు మీద సన్నటి గీత గీసింది. పక్కన నిలబడి చూస్తున్న నాయకుడు దాన్ని చూశాడు. ఒంటి మీది బూడిద గుప్పిటతో తీసి గాలిలోకి విసిరాడు. అది కాకిగా మారి, ఉత్తరాన మాంత్రికుడి కొండ వైపు ఎగిరిపోయింది.

కోటలోపల తలుపు తీసింది మాచమ్మ అనే దాసి. నడుము వంగిపోయింది గాని కళ్ళు చురుగ్గా ఉన్నాయి.

"విగ్రహాలు పెట్టుకోవడానికి మా దగ్గర గుడి లేదు, నైవేద్యం లేదు. తోలుకుపో."

"అమ్మడానికి రాలేదు పెద్దమ్మా. పిల్లను అడగడానికి వచ్చాను."

మాచమ్మ చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. విలాపినిని ఇమ్మని ఎవరూ అడగరు. దాన్ని అడిగేవాళ్ళు పెళ్ళిపిల్లను అడిగినట్టు అడగాలి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ గుమ్మం తొక్కి చాలా కాలమైంది.

"నీకింతకు ముందు పెళ్ళయిందా?" అంది అనుమానంగా.

"అయింది. నాతోనే," అంది అమ్మవారు బండిలోనుంచి. "నా ముక్కు వంకరగా ఉందా పెద్దమ్మా? ఉన్న మాట చెప్పు."

మాచమ్మ గుండె పట్టుకుని గోడకు ఆనుకుంది. సంగతంతా విన్నాక కళ్ళు తుడుచుకుని, "నీ ముక్కుకేం తల్లీ, చక్కగా ఉంది," అని, చెక్కదుంగలు తెచ్చి, మకరందుడితో కలిసి వకుళను వాటి మీద దొర్లించుకుంటూ సభామంటపంలోకి తీసుకుపోయింది.

తరళాదేవి మంటపం చివర మామూలు పీట మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో విలాపిని. పనసచెక్క కాలానికి నల్లబడి నున్నగా మెరుస్తోంది. కొన దగ్గర కళ్ళు మూసుకున్న ఆడపిల్ల ముఖం చెక్కి ఉంది. బిరడాలకు ముత్యాల మొగ్గలు. అంచుల చెక్కను ఉప్పు తినేసింది. మెడ మీద తాడు ఒరుసుకున్న గాడి ఉంది. కమాను వెంట్రుకలు తేనె రంగులో, ఇప్పుడే దువ్విన జడలా ఉన్నాయి.

రాణి వకుళ మెడ చూసింది. రాయి గొంతు గుంట దాకా వచ్చింది.

"అప్పగింతకు నియమాలు ఉన్నాయి నాయనా. దీని వంశం నేను చెప్పాలి. నువ్వు తప్పు లేకుండా తిరిగి చెప్పాలి. అప్పుడే పాలపళ్ళెం. తెలుసా?"

"తెలుసమ్మా. త్వరగా చెప్పండి."

కప్పు మీద ఏదో వాలిన చప్పుడైంది. ఇంకొకటి. బూడిద కాకులు. రాణి తల ఎత్తి చూసి, చెప్పడం మొదలుపెట్టింది.

"సింగన అనే వడ్రంగికి కలువ అని ఒక్కతే కూతురు. కాపురానికి వెళ్ళే పిల్లకు పెట్టె చేద్దామని పనసచెక్క కోసి పెట్టుకున్నాడు. పెళ్ళివారు పడవ దిగేనాటికి పిల్లకు విషజ్వరం. బాజాలు గుమ్మంలోకి వచ్చేసరికి పోయింది. సింగన ఎవరికీ చెప్పలేదు. తలుపు వేసుకుని, పెట్టె కోసం కోసిన చెక్కతో ఈ వీణ చేశాడు. పెళ్ళికొడుకు సాగరదత్తుడు గుమ్మంలోనే కూర్చున్నాడు, లేవలేదు. చివరికి సింగన తలుపు తెరిచి, పాలలో చేతులు తడిపి, ఇదిగో బాబూ నా పిల్ల అని దీన్ని అతని చేతుల్లో పెట్టాడు. సాగరదత్తుడు కమాను వేశాడు. ఆ గొంతు విని సింగన అక్కడికక్కడే పడిపోయాడు. కూతురి గొంతే అది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ దీని గొంతు వింటే ప్రాణం నిలవదని ఆనాడు తెలిసింది."

కాకులు కప్పు పెంకులను ముక్కులతో పొడుస్తున్నాయి. మాచమ్మ పొడుగాటి గెడ తీసుకుని లోపలినుంచి కప్పును కొడుతూ తిరుగుతోంది.

"సాగరదత్తుడు దీన్ని ఓడలో తిప్పాడు. ఈ ఉప్పు మరకలు ఆనాటివి. సముద్రపు దొంగ కరాళి ఓడను పట్టుకుంది. ఓడలోవాళ్ళను వదిలితే వీణ ఇస్తానన్నాడు. నడిసముద్రంలో పాలెక్కడివి? కొబ్బరిపాలతో అప్పగించి, చిన్న పడవ ఎక్కి వెళ్ళిపోయాడు. తరువాత ఎవరికీ కనపడలేదు. కరాళిని మా మామగారు రణకేసరి మహారాజు పట్టుకుని ఉరిశిక్ష వేశారు. ఆమె చివరి కోరికగా గిన్నెడు పాలు అడిగింది. ఉరికొయ్య మీదే అప్పగించింది. ఈ గాడి ఆ తాడుదే. మామగారికి తొందరెక్కువ. ఆమె అలా నిలబడి ఉండగానే వాయించారు. తలారికి పని తప్పింది."

"తరువాత?"

"తరువాత మామగారు నాకు అప్పగించి, దీని గొంతు వినపడనంత దూరం అడవిలోకి వెళ్ళిపోయారు. రోజూ అన్నం పంపేదాన్ని. ఒకరోజు పంపిన అన్నం తిరిగి వచ్చింది. అంతే. ఇక నువ్వు చెప్పు."

మకరందుడు చెప్పాడు. పెంకులు రాలిపడుతుంటే, వకుళ ఊపిరి గొంతులో గరగరలాడుతుంటే, ఒక్క పేరూ తప్పకుండా చెప్పాడు. మాచమ్మ పాలపళ్ళెం తెచ్చింది. రాణి చేతులు తడిపి విలాపినిని అతని చేతుల్లో పెట్టి, "నా ప్రాణం సంగతి చూడకు, వాయించు," అంది. అతడు వెంటనే కమాను లాగాడు.

గరుకు చప్పుడు కూడా రాలేదు. గాలిలో చెయ్యి ఊపినట్టుంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ లాగాడు.

"ఆపు," అంది రాణి తల దించుకుని. "ఎన్నో ఏళ్ళుగా ఇది పలకదు. కొత్త చేతుల్లో పడితే పలుకుతుందేమోనని ఆశపడ్డాను. ఒట్టి ఆశ."

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు మకరందుడు. గొంతులో కోపం ఆగలేదు. వకుళ గడ్డం కిందికి రాయి వచ్చేసింది. అతడు వీణను తిప్పి తిప్పి చూశాడు. వెనక వైపు, చెక్క కాలి, అరచేయి అచ్చు పడి ఉంది. "ఇదెవరి చెయ్యి? ఈ మచ్చకు మీరు పేరు చెప్పలేదు."

రాణి పమిట కొంగుతో ఆ మచ్చను కప్పబోయింది.

"చెప్పండమ్మా," అంది మాచమ్మ గెడ కింద పడేసి. "ఇంకా ఎవరి పరువు కోసం?"

"ఎత్తుకుపోయినవాళ్ళ పేరు వంశంలో చెప్పకూడదని మా ఇంటి ఆచారం," అంది రాణి. "వాడు నా కొడుకు ప్రద్యోతుడు. లోకం ధూమ్రజటి అంటోంది. దూరదేశం వెళ్ళి విద్య నేర్చుకుంటాను, విలాపినిని ఇచ్చి పంపమ్మా అన్నాడు. ఒక్కగానొక్కడు. పంపలేకపోయాను. తెల్లవారుతూనే వీణ తీసుకుని చెప్పకుండా వెళ్ళిపోయాడు. నేను సైన్యాన్ని పంపాను. వాళ్ళు వాడి డేరాకు నిప్పుపెట్టి, వీణను తెచ్చారు. మండుతున్న డేరాలో వాడు దాన్ని వదల్లేదట. అప్పటినుంచి ఇది మూగ. దొంగ చెయ్యి తగిలి మైలపడిందనుకున్నాం."

"కాదమ్మా," అంది వకుళ. గడ్డం కదలక మాట ముద్దగా వచ్చింది. "నా అప్పగింతల్లో మా అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా నాన్న ఒక్కొక్క వేలూ విడదీశాడు. వదిలిన తరువాతే నేను అత్తవారింటి గడప దాటగలిగాను. మీరు మీ అబ్బాయికి ఇవ్వలేదు. అతను మీకు తిరిగి ఇవ్వలేదు. ఈ పిల్ల ఇప్పుడు ఎవరింట్లో ఉన్నట్టు?"

రాణి ఆ మాటకు జవాబు చెప్పేలోపు మంటపం కప్పు నడుమకు విరిగిపడింది. పెంకులతో పాటు బూడిద కుండపోతగా కురిసింది. ఆ బూడిదలోనుంచి ధూమ్రజటి నడిచి వచ్చాడు. జడలనుంచి పొగ లేస్తోంది. పులితోలు, ఎముకల దండ, నుదుట మసిబొట్టు. కుడి అరచేయి కాలి ముడుచుకుపోయి ఉంది. మకరందుడు వకుళకు అడ్డంగా నిలబడ్డాడు. మాంత్రికుడు అతనివైపు చూడలేదు.

"దాన్ని మూగ చేసి దాచుకున్నావు," అన్నాడు తల్లితో.

రాణి అతణ్ణి ఆపాదమస్తకం చూసింది. "చిక్కిపోయావు," అంది. "ఏమైనా తిన్నావా?"

"నీ సైన్యం నిప్పుపెట్టిన రోజునుంచి నాకు ఆకలి లేదు. దానికి గొంతు తిరిగి ఇస్తావా, ఈ కోటను సరస్సులోకి తొయ్యమంటావా?"

"గొంతు నా దగ్గర లేదు బాబూ. నీకు ఇవ్వాల్సింది ఇవ్వలేదు, అందుకే పోయింది. ఇప్పుడు ఇస్తాను." రాణి మకరందుడి వైపు తిరిగింది. "నాయనా, అది ఇప్పుడు నీ చేతుల్లో ఉంది. ముందు నువ్వు నాకు తిరిగి అప్పగించాలి. అప్పగిస్తే నువ్వూ ఇచ్చినవాడివి అవుతావు. నీ భార్యను బతికించే పాట నువ్వు వినకూడదు. ఎన్నటికీ."

మకరందుడు వకుళను చూశాడు. రాయి ఆమె కింది పెదవిని తాకింది. అతడు పాలలో చేతులు ముంచి వీణను రాణి చేతుల్లో పెట్టాడు.

"ఇచ్చేవాళ్ళు ఒక మాట అడగవచ్చు," అంది రాణి కొడుకుతో. "మొదటి పాట రాయి అవుతున్న ఈ పిల్ల కోసం వాయించు."

ధూమ్రజటి వకుళ వైపు చూడకుండా కాలిన చెయ్యి చాచాడు.

రాణి పాలపళ్ళెంలో చేతులు తడిపింది. "ఇన్నాళ్ళూ నా పిల్ల. ఇక నీ పిల్ల. తెలియక తప్పు చేస్తే కడుపులో పెట్టుకో," అంది. పెళ్ళిపిల్లల తల్లులు ఎప్పుడూ చెప్పే మాటలే. కాని వీణ ఇచ్చాక కూడా చేతులు తియ్యలేదు. ధూమ్రజటి ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు. మెల్లగానే విడదీశాడు.

తీగలు వాటంతట అవే సన్నగా మూలిగాయి. రాణి తూలిపడబోయి మాచమ్మ భుజం పట్టుకుంది. మకరందుడికి గుండెలో సూది దిగినట్టయింది. మాంత్రికుడు అరచేత్తో తీగలను నొక్కిపట్టాడు.

"వెళ్ళు," అన్నాడు తల్లితో, ముఖం పక్కకు తిప్పుకుని. "వెనక రేవులో పడవ ఉంటుంది. వీడు తెడ్డు వేస్తాడు. మీరు సరస్సులోని దీపస్తంభం దాటితే దీని గొంతు వినపడదు. దాటడం ఈ గవాక్షంలోనుంచి కనపడుతుంది. అప్పుడు వాయిస్తాను."

"ఎవరి కోసం?" అన్నాడు మకరందుడు.

"స్తంభం దాటు."

"నా భార్యను నీ దగ్గర వదిలి ఎలా వెళ్ళను?"

"మీరిక్కడ ఉండగా వాయిస్తే నువ్వు చస్తావు, మా అమ్మ చస్తుంది. లేకపోతే నేను వాయించను, ఆ పిల్ల చస్తుంది. నీ ఇష్టం."

మాచమ్మ వచ్చి వకుళ పక్కన నేల మీద చతికిలబడింది. "నేను దీన్నెప్పుడూ పుచ్చుకోలేదు, ఇవ్వలేదు. నా ప్రాణానికేం భయం లేదు. నీ పెళ్ళాం దగ్గర నేనుంటాను, పో బాబూ."

మకరందుడు వంగి, వకుళ బుగ్గ మీద అంటిన పసుపును బొటనవేలితో తుడిచాడు. పై పెదవి ఇంకా రాయి కాలేదు.

"వెళ్ళు," అంది వకుళ. ఆ మాటతో పెదవులు బిగిసిపోయాయి.

అతడు ముసలి రాణిని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. రేవులోని పడవకు పలకల సందుల్లో పూసిన పాత కీలు ఊడి, అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. ఇంకెప్పుడైనా అయితే దాన్ని చూసి నవ్వేవాడు. ఇప్పుడు తెడ్లు అందుకుని తోశాడు. కాకులు మీదికి దిగాయి. ఒకటి అతని చెవి చీల్చింది. ఒకటి రాణి జుట్టు పీకింది. రాణి పమిట తీసి వాటిని కొడుతూ, "ఎడమకి, ఎడమకి పోనీ, కుడివైపు బండలున్నాయి," అని చెబుతూ ఉంది. బూడిద తెట్టు తెడ్లకు జిగటగా పట్టుకుంది. ఒక తెడ్డు విరిగింది. మిగిలిన తెడ్డును రెండువైపులా మార్చి మార్చి వేస్తూ, అరచేతుల తోలు లేచిపోయినా ఆపకుండా, అతడు పడవను ముందుకు నెట్టాడు.

పగిలిన దీపస్తంభం ఎదురొచ్చింది. పక్కకు వచ్చింది. వెనక్కి పోయింది.

మకరందుడు తెడ్డు ఎత్తి ఆగాడు. కాకులు కోటవైపు తిరిగి వెళ్ళిపోయాయి. నీరు పడవను ఒరుసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నీకేమైనా వినిపిస్తోందా?" అంది రాణి.

"లేదమ్మా."

"నాకూ లేదు."

కోట దూరంగా, తెల్లగా, గవాక్షాలన్నీ నల్లటి చుక్కల్లా కనిపిస్తోంది. మాంత్రికుడు వాయిస్తూ ఉండవచ్చు. వకుళ కళ్ళు ఆ పాటికి రాయి అయిపోయి ఉండవచ్చు. మాంత్రికుడు వీణ చంకన పెట్టుకుని ఎటో పోయి ఉండవచ్చు. వినపడనంత దూరం వచ్చినవాళ్ళకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

మకరందుడు తలపాగా విప్పి నడుముకు బిగించాడు. "మీకు తెడ్డు వెయ్యడం వచ్చా అమ్మా?"

"రాణులకు ఎవరు నేర్పుతారు? ఇటివ్వు."

"ఒడ్డు తూర్పున ఉంది. పడవలో నీళ్ళు చేత్తో తోడుకుంటూ ఉండండి. ఆగవద్దు."

"వాడు ఇంకా వాయిస్తూ ఉంటే?"

అతడు పడవ అంచు మీదినుంచి వంగి, తడి బూడిద గుప్పిట నిండా తీసి, రెండు చెవుల్లోకీ వేళ్ళతో కూరుకున్నాడు. చీలిన చెవి మండింది. నీటి చప్పుడు ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. ఆ బూడిద విలాపినిని ఆపగలదో లేదో అతనికి తెలియదు. రాణి పెదవులు కదిలాయి, ఏదో చెప్పింది, చెయ్యి ఎత్తింది. ఏం చెప్పిందో అతనికి వినపడలేదు. వెళ్ళిరమ్మనే అయి ఉంటుందనుకున్నాడు.

సరస్సులోకి దూకాడు. నల్లటి నీరు నెత్తి మీద మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. దీపస్తంభం దగ్గరికి ఈదాడు. స్తంభం దాటాడు. గుండె ఇంకా కొట్టుకుంటోంది. మరి కొంచెం ముందుకు వెళ్ళాడు.

అప్పుడు కోట కప్పు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఏ చప్పుడుకో బెదిరినట్టు, ఆకాశమంతా చెల్లాచెదురై తిరిగాయి. అది పాటకో, కూలిన గోడకో, మనిషి అరుపుకో మకరందుడికి తెలియలేదు. చెవుల్లో బూడిద కరిగి నీళ్ళు ఊరడం మొదలయింది. అతడు ఆ చప్పుడు వినపడకుండా తల నీటి కిందికి దించి, కోటవైపు ఇంకా వేగంగా ఈదాడు.